ఖండములకు హద్దులు గీసినదెవరు?

వారమునకు దినములేడు, చేతికి వ్రేళ్ళైదు. ఈ రెండు మాటలను బాలురు ఒక్క తీరుననే వల్లింతురు. కాని వీనిలో గొప్ప భేదము కలదు. చేతికి వ్రేళ్ళైదుండుట ప్రకృతి. వారమునకు దినములేడుండుట మనుష్యుల యేర్పాటు. మొదటిదానిని మార్చుట మన వశము కాదు. రెండవది యొక కాలమున మొదలైనది. మనుష్యులు సమ్మతించుటచేత నిలిచియున్నది. భూగోళపాఠమునందు ఖండములేడనియు, మహాసముద్రములైదనియు మన పిల్లలు నేర్చుకొనుచున్నారు. ఇది వ్రేళ్ళ లెక్కయా, దినముల లెక్కయా? ఈ ప్రశ్నను మన చదువరుల యెదుట నుంచవలెనని మా యుద్దేశము.

నేలను, నీటిని, కొండలను, నదులను ప్రకృతియే చేసినది. అందు సందేహము లేదు. కాని ఇక్కడ నొక ఖండము ముగిసెను, అక్కడ వేఱొకటి మొదలయ్యెను అని కొండ యెన్నడును చెప్పలేదు. అట్లు చెప్పినవారు మనుష్యులు. వారిలో కొందఱి పేరులును, వారు చెప్పిన సంవత్సరములును, చెప్పుటకు గల కారణములును చరిత్రలో నిలిచియున్నవి. వానిని తెలిసికొనినయెడల మనము నిత్యమనుకొనునది యెట్లు పుట్టినదో బోధపడును.

ముందుగా మన యింటి మాటనే చూతము. భూమి సప్తద్వీపములుగా నున్నదని విష్ణుపురాణాదులు చెప్పుచున్నవి. జంబూ, ప్లక్ష, శాల్మలి, కుశ, క్రౌంచ, శాక, పుష్కర ద్వీపములు ఒకదాని చుట్టు ఒకటి వలయములుగా నుండుననియు, వాని నడుమ ఉప్పునీరు, చెఱకురసము, సుర, నేయి, పెరుగు, పాలు, మంచినీరు అను ఏడు సముద్రములు కలవనియు ఆ వర్ణనము. శుభకార్యమునకు ముందు చెప్పు సంకల్పమునందు కర్త తానున్న చోటును జంబూద్వీపమని, భరతవర్షమని, భరతఖండమని నేటికిని చెప్పుకొనుచున్నాడు. నేడు మనము ఆసియావంటి మహాభాగమునకు వాడు ఖండమను మాట ఆ సంకల్పమునందు ద్వీపమునకు లోబడిన యొక చిన్న భాగమునకు వచ్చుచున్నది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకుడు తన లఘుశిలాశాసనమున జంబూద్వీపమను పేరును వాడెను. ఆ శాసనపు ప్రతి యొకటి మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపైనను కలదు. అక్కడ జంబూద్వీపమనగా పురాణవలయము కాదు. ఆ రాజు మాట చెల్లు దేశము. పేరొక్కటే, హద్దు మాత్రము చెప్పువానినిబట్టి మాఱినది.

అరబ్బు పండితులు మఱియొక తీరున విభజించిరి. వారు గ్రీకుల గణితము ననుసరించి, పగటి దైర్ఘ్యమునుబట్టి భూమధ్యరేఖ వైపునుండి ఉత్తరమునకు ఏడు పట్టీలను గీచి వానిని ఇక్లీములనిరి. ఆ లెక్కలో సముద్రమున కీవలి యూరును ఆవలి యూరును ఒకే భాగమునకు చేరవచ్చును. ఈ విభాగములలో ఏది నిజము, ఏది యబద్ధము అను వాదము మాకు పనిలేదు. ప్రతి జాతియు తాను నిలిచిన చోటినుండి, తన కావశ్యకమైన రీతిని, లోకమును పంచుకొన్నదని మాత్రము గ్రహించిన చాలును.

నేడు మన పాఠపుస్తకములలో నున్న విభాగము గ్రీకు నావికులది. గ్రీసు దేశమునకును నేటి తుర్కీ దేశమునకును నడుమ ఏజియను సముద్రము కలదు. దాని రెండు గట్లను గ్రీకులే కాపురముండిరి. పడమటి గట్టు యూరపు, తూర్పు గట్టు ఆసియా అని నావికులు పిలిచిరి. మన యూళ్ళలో ఏటి కీవలి యొడ్డు, ఆవలి యొడ్డు అన్నట్టిదే యిది. మొదట ఆసియా అనునది ఆ తీరమునందలి కొంచెము నేలకే పేరు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున రోమకులు ఆ ప్రాంతము నాక్రమించుకొనినపుడు వారి ఆసియారాష్ట్రము నేటి తుర్కీదేశపు పడమటి భాగము మాత్రమే. అంత చిన్న పేరు తూర్పునకు ప్రాకి ప్రాకి తుదకు హిందూదేశమును, చీనాను, జపానును కప్పివేసినది. ఆ పేరు పెట్టినవారు ఈ దేశములను చూడలేదు. ఈ దేశములవారు ఆ పేరును వినలేదు.

గ్రీకులలోనే దీనిని శంకించినవాడొకడు కలడు. అతడు క్రీస్తునకు పూర్వము ఐదవ శతాబ్దమువాడైన హెరొడోటసు. భూమి యొక్కటియై యుండగా దానికి మూడు పేరులేల, అవి స్త్రీల పేరులేల, వానికి నదులను హద్దులుగా నేల పెట్టిరి, పెట్టినవారి పేరులేమి అని ఆతడు తన చరిత్రలో విచారించి, ఇవి తనకు తెలియరాలేదని వ్రాసెను. నైలునది ఆసియాకును ఆఫ్రికాకును హద్దన్నచో ఈజిప్టు జనులలో సగము ఒక ఖండమునకును, సగము వేఱొక ఖండమునకును పోవలసివచ్చును. ఈజిప్టువారు కాపురమున్న చోటెల్ల ఈజిప్టే యని ఆతని సిద్ధాంతము. నేలపై గీతకంటె జనుల కాపురమును ముందు చూడవలెనను ఈ వివేకము మెచ్చదగినది. ఇంత చెప్పియు ఆతడు ఆ పేరులను వదలలేదు. వాడుకలో నున్నవి కావున వాడుదునని చెప్పి వాడెను.

యూరపునకు తూర్పు హద్దును నిర్ణయించుట గ్రీకులకు మఱింత కష్టమయ్యెను. కొందఱు కాకససు ప్రాంతమునందలి ఫాసిసు నదిని చెప్పిరి. కొందఱు దానికి ఉత్తరమున నున్న డాను నదిని చెప్పిరి. రెండవ శతాబ్దమున టాలమీ డానునదినే గ్రహించుటచేత ఆ హద్దు పదునైదు వందల యేండ్లు చెల్లెను. నడికాలపు క్రైస్తవపండితులు భూమిని గుండ్రని పటముగా వ్రాసి, పై సగమును ఆసియాకును, క్రింది రెండు పాళ్ళను యూరపు ఆఫ్రికాలకును ఇచ్చి, బైబిలులోని నోవా కుమారులు మువ్వురకు ఆ మూడింటిని పంచిపెట్టిరి. గ్రీకులు చేసినది ఒడ్డుల గుర్తు. ఇప్పుడది వంశముల పంపకమయ్యెను. ఈ మార్పును చదువరులు గమనింపవలెను. నేలపై గీచిన గీత మనుష్యుల నడుమ గోడ యగుటకు ఇది మొదలు.

1492వ సంవత్సరమున కొలంబసు పడమటి ద్వీపములను చేరిన పిమ్మట మూడు ఖండముల లెక్క నిలువలేదు. 1507లో లొరేను ప్రాంతమునందలి సెయింటు డీయె అను పట్టణమున వాల్డుసీముల్లరు అను పటకర్త యొక పెద్ద ప్రపంచపటమును అచ్చొత్తించి, క్రొత్త నేలకు అమెరిగో వెస్పూచి పేర అమెరికా యని పేరు పెట్టెను. యూరపు, ఆసియాలు స్త్రీల పేరులను పొందియుండగా దీనికొక పురుషుని పేరు పెట్టుటలో దోషములేదని పటముతోడి గ్రంథమున వ్రాసిరి. తరువాత 1513లో ఆ పటకర్తయే తన వేఱొక పటమున ఆ పేరును వదలి, తెలియని నేల యని మాత్రము వ్రాసెను. కాని అప్పటికది లోకమున పాకిపోయినది. పేరు పెట్టినవాడు దానిని వెనుకకు తీసికొన్నను పేరు తిరిగిరాలేదు.

ఇక నేడు యూరపు ఆసియాలకు నడుమ చెప్పబడు ఉరలుపర్వతముల కథ వినదగినది. ఆ హద్దుకు వయస్సు మూడువందల యేండ్లు మాత్రమే. స్వీడను సేనలో ఉద్యోగియైన స్ట్రాలెన్‌బెర్గు 1709లో పొల్టావా యుద్ధసందర్భమున రష్యనులకు పట్టుబడి సైబీరియాలోని టొబోల్‌స్కునకు పంపబడెను. ఆతడు పదుమూడేండ్లు ఆ దేశముననుండి దానిని శోధించి, స్వదేశమునకు తిరిగి వచ్చి, 1730లో స్టాక్‌హోములో ఒక గ్రంథమును ప్రకటించెను. యూరపు హద్దును డానునదినుండి తూర్పునకు జరిపి ఉరలుపర్వతములపై నుంచినది ఆ గ్రంథమే. రష్యా ప్రభుత్వోద్యోగియు చరిత్రకారుడును అగు తతీష్చెవు ఈ యూహ తానే ఆతనికి చెప్పితినని వ్రాసికొనెను.

ఈ మార్పు ఆ కాలముననే వచ్చుటకు కారణమున్నది. డానునది మాస్కోనగరమునకు దక్షిణమున పుట్టుచున్నది. అది హద్దైనచో దాని కుత్తరమున గీత యెటుపోవలెనో తెలియదు. రష్యాలో ఎంత భాగము యూరపో చెప్పుటకు వీలులేదు. పీటరు చక్రవర్తి తన రాజ్యమును యూరపు రాజ్యములలో నొకటిగా నిలుపవలెనని పాటుపడి 1721లో చక్రవర్తి బిరుదమును వహించెను. యూరపు రాజ్యములకు సముద్రముల కావల వలసలున్నవి. ఉరలులను హద్దుగా గ్రహించినయెడల రష్యాకును ఈవల యూరపు స్వదేశము, ఆవల సైబీరియా యను వలస యేర్పడును. కొండ యనాదిగా నున్నది; దానిని హద్దుగా చేసినది రాజ్యావసరము.

ఆ కొండ యెంతటిది? దాని యత్యున్నతశిఖరము 1,895 మీటరులు. మన నీలగిరులలోని దొడ్డబెట్ట 2,637 మీటరులు. ఉరలులను కసాకు దండులు 16వ శతాబ్దము చివరనే దాటిరి. రష్యా ప్రభుత్వముసయితము ఆ హద్దును పాలనలో పాటింపలేదు. పెర్ము రాష్ట్రము కొండకు రెండు వైపులను వ్యాపించియుండెను. 1885లో సైబీరియాను దర్శించిన అమెరికా పత్రికారచయిత జార్జి కెన్నను ఆ రాష్ట్రపు తూర్పు సరిహద్దున నొక యిటుక స్తంభమును చూచెను. ప్రవాసశిక్ష పొందిన ఖైదీలను అక్కడ క్షణకాలము నిలువనిచ్చెడివారట. కొందఱు నేలను ముద్దుపెట్టుకొని యేడ్చెడివారు. కొందఱు తమ నేల మన్ను పిడికెడు మూటగట్టుకొనెడివారు. ఆ స్తంభము పండితుల ఖండరేఖకు తూర్పుగా నున్నది. వారి పటము ప్రకారము ఖైదీలు యూరపును అప్పుడే దాటిపోయిరి. కాని వారి కన్నీరు పడినచోటు వేఱు.

ఉరలులకు దక్షిణమున హద్దు నేటికిని ఏకాభిప్రాయము లేనిదే. కాకససు శిఖరపంక్తి హద్దన్నచో 5,642 మీటరుల యెల్బ్రుసు యూరపునకు ఉన్నతశిఖరము. ఆ పర్వతములకు ఉత్తరపు పల్లము హద్దన్నచో ఎల్బ్రుసు ఆసియాకు పోయి, సుమారు 4,806 మీటరుల మోంబ్లాకు ఆ గౌరవము వచ్చును. పర్వతము కదలదు, బిరుదము కదలును. చుట్టు నీరున్న మహాభూభాగమే ఖండమన్నచో యూరపు ఖండము కాజాలదు. కొండగోడ చేత ఖండమేర్పడునన్నచో హిమాలయములకు దక్షిణమున నున్న మన దేశము యూరపుకంటె ముందు ఖండము కావలెను, దానిని ఉపఖండమనుచున్నారు. సుమారు 76 లక్షల చదరపు కిలోమీటరుల ఆస్ట్రేలియా ఖండము, 21 లక్షలకు మించిన గ్రీనులాండు ద్వీపము అనుట వాడుకయే కాని, ఈ రెండింటి నడుమ ఇచట గీత గీయుమని చెప్పు శాస్త్రనియమమేదియు లేదు. అందుచేతనే లెక్కలును భిన్నములు. మన బడులలో ఏడు; రష్యాలో యూరపు ఆసియాలను కలిపి ఒకటిగా చెప్పి ఆఱు; దక్షిణ అమెరికా దేశములలో రెండు అమెరికాలను ఒక్కటిగా గణింతురు; ఒలింపికు పతాకముపై వలయములైదు.

సముద్రముల మాట యింకను విచిత్రము. నేలకు కొండలైన నున్నవి, నీటికేమి యున్నది? భూతలమున నూటికి డెబ్బదియొక్క పాలు ఒకే జలరాశి. ఆఫ్రికా దక్షిణపు కొనయందు అట్లాంటికును హిందూమహాసముద్రమును ఎక్కడ కలిసికొనుచున్నవి? తూర్పురేఖాంశము 20వ డిగ్రీకడనని నౌకాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అచట అలలకు ఆ సంగతి తెలియదు. మొనాకోలో 1921లో స్థాపితమైన అంతర్జాతీయ జలమాపక సంస్థ 1928లో సముద్రముల హద్దులను తెలుపు పుస్తకమును ప్రకటించెను. అందు దక్షిణమహాసముద్రము కలదు. 1953 నాటి ముద్రణమున అది తొలగింపబడెను. మఱల 2000లో, దక్షిణాక్షాంశము 60వ డిగ్రీకి ఆవలి నీరంతయు దక్షిణమహాసముద్రమను ప్రతిపాదన వచ్చినది. 2021లో అమెరికాలోని నేషనలు జియోగ్రాఫికు సంస్థ తన పటములలో దానిని చేర్చినది. అంటార్కిటికా చుట్టు ఆగక ప్రవహించు శీతలప్రవాహము ప్రకృతిసిద్ధము. దానినిబట్టి పేరిడుట న్యాయముగనే కనబడుచున్నది. కాని ఒకే నీరు ఇరువదియైదేండ్లలో ఒకసారి మహాసముద్రమై, ఒకసారి కాకపోవుటకు కారణము నీటిలో లేదు, పుస్తకములో నున్నది.

అట్లైన భూమికి స్వాభావికవిభాగమే లేదా అని చదువరు లడుగవచ్చును. కలదు, అది వేఱు విధమైనది. ఖండములు కదలుచున్నవని జర్మను పండితుడు వెగెనరు 1912లో చెప్పగా చాలమంది శాస్త్రజ్ఞు లంగీకరింపలేదు. 1960 తరువాత సముద్రగర్భ పరిశోధనములచేత, భూమి పైపొర కొన్ని మహాఫలకములుగా నున్నదనియు, అవి సంవత్సరమునకు కొన్ని సెంటీమీటరుల చొప్పున జరుగుచున్నవనియు స్థిరపడెను. ఉరలులు ఒకప్పుడు రెండు భూభాగములు ఢీకొనిన చోటే. కాని అది కోట్లకొలది యేండ్లనాటి మాట. నేడు వాని కిరువైపుల నేల ఒకే ఫలకము. అరేబియాకును మన హిందూదేశమునకును వేఱు ఫలకములున్నవి. సైబీరియా తూర్పుకొన ఉత్తర అమెరికా ఫలకముతో కూడియున్నది. ఈ పటమునకును బడిలోని పటమునకును పొత్తు కుదురదు.

ఒకప్పుడు హిందూదేశము, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసియుండెను. గ్లాసోప్టెరిసు అను ప్రాచీనవృక్షపు ఆకుల యచ్చులు ఈ భూములన్నిటను రాళ్ళలో దొరకుచున్నవి. 1912లో దక్షిణధ్రువమునుండి తిరిగివచ్చుచు ప్రాణములు విడిచిన స్కాటు బృందమువారు తుదివఱకు మోసికొనివచ్చిన రాళ్ళలోను అవి యుండెను. మన గోదావరిలోయయందు సింగరేణి బొగ్గునిచ్చు రాతిపొరలును ఆ కాలమునాటివే. 1885లో ఆస్ట్రియా పండితుడు స్యూసు ఆ ప్రాచీనభూమికి గోండ్వానా యని పేరిడెను. గోండుల దేశమని దాని యర్థము. ఆదిలాబాదు అడవులలో మనము ఇరుగుపొరుగుగా నుండియు సాధారణముగా తలపునకు తెచ్చుకొనని గోండుల పేరు, లోకములోని భూగర్భశాస్త్రజ్ఞులందఱి నోటను నిలిచియున్నది.

ఈ చర్చ పండితుల వినోదమే యైనచో మేమింత విస్తరింపకుందుము. గీతవలన మనుష్యులకు కలిగిన నష్టమును చెప్పవలసియున్నది. 1917లో అమెరికా ప్రభుత్వము ఆసియా నిషిద్ధప్రాంతమను నొక శాసనమును చేసినది. ఆసియాఖండమునందు ఇన్నవ రేఖాంశమునుండి ఇన్నవ రేఖాంశమువఱకు, ఇన్నవ అక్షాంశమునకు దక్షిణముగా పుట్టినవారు, కొన్ని వృత్తులవారు తప్ప, ఆ దేశమున అడుగిడగూడదు. హిందూదేశమంతయు ఆ గీతలలోపల చిక్కెను. వచ్చువాని గుణమేమి, విద్యయేమి, పనియేమి అని యడుగక, వాడు పటములో ఏ గడిలో పుట్టెనో అడిగిరి. మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సేనలో పనిచేసిన పంజాబువాడు భగత్ సింగ్ థిండ్ పౌరత్వమును కోరగా, 1923లో ఆ దేశపు అత్యున్నతన్యాయస్థానము నిరాకరించెను. తీర్పులో 1917 నాటి శాసనమందలి అక్షాంశరేఖాంశములను సయితము ప్రస్తావించెను. అదివఱకు పౌరత్వము పొందిన హిందూదేశీయులు పలువురు దానిని పోగొట్టుకొనిరి. 1946లో సంవత్సరమునకు నూర్గురు హిందూదేశీయులకు ప్రవేశము లభించెను. 1965 నాటి శాసనముతో జన్మదేశమునుబట్టి పంచు పాత వంతుల పద్ధతి పోయినది. నేడు తెలుగువారి యిండ్లలో బిడ్డలు అమెరికాలో నున్నారని చెప్పుకొనువారు పెక్కురు. ఆ తలుపు తెఱచి యింకను నూరేండ్లు కాలేదు.

ఏజియను నావికుడు ఆవలి యొడ్డని పిలిచిన పిలుపునకును, ఓడరేవున నిలిపివేయబడిన కూలివాని దుఃఖమునకును నడుమ రెండువేల యైదువందల యేండ్లున్నవి. ఈ కాలమున గీత మెల్లమెల్లగా స్వభావము మార్చుకొన్నది. మొదట గుర్తు, పిమ్మట వంశము, పిమ్మట రాజ్యము, తుదకు మనుష్యుని యోగ్యతను కొలుచు కొలబద్ద. మొదటి మెట్టు నిర్దోషమైనది. తరువాతి మెట్లన్నియు, గుర్తును ప్రకృతియని భ్రమించుటవలన వచ్చినవే.

ఐనచో ఈ పేరులను పాఱవేయవలెనా? అక్కరలేదు. పరులు పెట్టిన ఆసియా యను పేరునే చేపట్టి 1947లో ఢిల్లీలో ఆసియా దేశముల ప్రతినిధులు సభచేసిరి. 1955లో బాండుంగు నగరమున ఆసియా ఆఫ్రికా దేశములవారు సమావేశమైరి. ఒకప్పుడు మనలను వెలివేసిన పేరే అప్పుడు మనలను కలిపెను. పేరు మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. వాడువాని బుద్ధియే ప్రధానము. హెరొడోటసువలె, వాడుకయని యెఱిగి వాడినచో దోషములేదు.

కావున గృహస్థులకును, తల్లులకును మా విన్నపమొక్కటి. పిల్లలు ఖండములేడని వల్లించునపుడు వారించకుడు; పరీక్షలో నది వ్రాయవలసినదే. కాని ఆ సాయంకాలము పటము ముందుంచి, యూరపు ఎక్కడ ముగియుచున్నదో వ్రేలితో చూపుమని యడుగుడు. బిడ్డ వ్రేలు ఉరలులకడ ఆగును. ఈ గీత యెవరు గీచిరి, ఎప్పుడు గీచిరి, ఎందులకు గీచిరి అని మఱల నడుగుడు. ఈ మూడు ప్రశ్నలు అలవడిన బిడ్డ పటమునందలి గీతలనే గాక, మన వీధిలోను, మన పంక్తిలోను, మన నూతిగట్టునను మనుష్యుల నడుమ గీచియున్న గీతలను చూచినపుడును అవే ప్రశ్నలు వేయును. భూగోళపాఠమువలన కలుగదగిన గొప్ప ఫలమిదియే యని మా యభిప్రాయము.